ఒక్క రింగు

రీచార్జి దుకాణం ముందు పొద్దున్నే గొడవ మొదలైంది. ఆటో నడిపే అతను ముందురోజు సాయంత్రమే వంద రూపాయలు వేయించుకున్నాడు. తెల్లారి చూసుకుంటే ఫోన్‌లో మిగిలింది రెండు రూపాయల చిల్లర.

"నేను ఎవ్వలతోని మాట్లాడలే. రాత్రి ఒక మిస్డ్ కాల్ వడ్డది, దానికి తిరిగి కొట్టిన. వాడు ఎత్తనే లేదు. ఎత్తని ఫోనుకు పైసలెట్ల వోతయిరా? నువ్వే గుంజినవ్" అంటూ దుకాణం పిల్లవాడి అంగీ పట్టుకున్నాడు.

నేను అప్పుడు ఆ ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. జగిత్యాల జిల్లా. బడికి పోయే దారిలోనే ఆ దుకాణం. ఆగి ఇద్దరినీ విడదీశాను. పిల్లవాడు ఇంటర్ చదివి, ఊళ్ళోనే ఉండిపోయి, తల్లి పుస్తె తాకట్టు పెట్టి ఆ డబ్బా పెట్టుకున్నాడు. కళ్ళ నీళ్ళ పర్యంతమై ఉన్నాడు. ఆ వారంలో అలా వచ్చి తిట్టిపోయిన వాళ్ళలో ఆటో అతను మొదటివాడు కాదట.

"ఎంతసేపు విన్నవన్నా?" అని అడిగాడు పిల్లవాడు.

"రింగు వోతనే ఉండె. మూడు నాలుగు నిమిషాలు చెవుకు వెట్టుకునే ఉన్న. రాత్రి పూట చేసిండంటే మా తమ్మునికి ఏమన్న అయిందో ఏమో అని."

తమ్ముడు ఉండేది సౌదీలో. ఆటో అతని ఫోన్ తీసుకుని ఆ నంబరు చూశాను. +960తో మొదలైంది.

గల్ఫ్‌కు మనుషులను పంపిన ఊళ్ళలో ఈ అంకెలు పిల్లలకు కూడా తెలుసు. కువైట్ 965, సౌదీ 966, ఒమన్ 968, దుబాయి అయితే 971, బహ్రెయిన్ 973, ఖతర్ 974. ఫోన్ మీద ముందు ప్లస్సు, ఆ వెనక తొమ్మిది, ఆరు కనబడగానే ఇక మిగతా అంకెలు చదవరు. మనిషి ప్రాణం అక్కడికే లేచి వస్తుంది. 960 మాత్రం గల్ఫ్ కాదు, మాల్దీవులు. సౌదీకీ మాల్దీవులకూ మధ్య సముద్రం ఉంది కానీ ఫోన్ తెర మీద ఉన్నది ఒక్క అంకె తేడా.

బడి అయ్యాక సాయంత్రం మళ్ళీ వెళ్ళి పిల్లవాడితో కూర్చున్నాను. అతనికి జరిగినది సగం తెలుసు, నాకు సగం తెలుసు. ఇద్దరం కలిపి చూసుకున్నాం.

మనం ఎవరికైనా ఫోన్ కొట్టినప్పుడు చెవిలో వినిపించే మోత, అవతల ఫోన్ మోగుతోందనడానికి గుర్తు. ఎత్తేదాకా మన పైసలు కదలవని మనకు తెలుసు, అందుకే ధైర్యంగా చెవికి పెట్టుకుని ఉంటాం. ఈ మోసంలో ఆ మోతే దొంగది. మనం తిరిగి కొట్టీ కొట్టగానే అవతల యంత్రం ఎత్తేస్తుంది. ఎత్తి, రికార్డు చేసి పెట్టుకున్న రింగు చప్పుడును మన చెవిలో వినిపిస్తుంది. మనం ఇంకా ఎత్తలేదనుకుంటూ ఓపిగ్గా కాచుకుని ఉంటాం. నిమిషాలు గడుస్తాయి. అంతసేపూ పైసలు కోసుకుపోతూనే ఉంటాయి. ఎవరి క్షేమం కోసం ఎక్కువ ఆత్రపడతామో వాళ్ళ కోసమే ఎక్కువసేపు కాచుకుంటాం కాబట్టి, ఎక్కువ ప్రేమ ఉన్నవాళ్ళకే ఎక్కువ పోతాయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఈ సంగతే.

అందరికీ రింగే వినిపించలేదు. పక్క వాడకట్టు ఆమెకు అవతల ఎవరో ఆడమనిషి తెలియని భాషలో ఏడుస్తున్నట్టు వినిపించిందట. అల్లుడు మస్కట్‌లో డ్రైవరు. అల్లుడికి ఏదో అయింది, పక్కన ఎవరో ఏడుస్తున్నారనుకుని, ఫోన్ తెగిపోయిన ప్రతిసారీ కూలి పైసలతో మళ్ళీ వేయించుకుని కొట్టింది. ఆమె అడిగింది దుకాణం పిల్లవాడిని కాదు. "పైసలు వోతె వోయినయి గని, ఆ ఏడ్సినామె ఎవ్వలు సారూ?" అని నన్ను అడిగింది. రికార్డు అమ్మా అని చెప్పినా చాలా రోజులు నమ్మలేదు.

పైసలు ఎక్కడికి పోతాయన్నది తెలుసుకోవలసిన విషయం. మన ఫోన్ కంపెనీ ఒక కాల్‌ను వేరే దేశం కంపెనీకి అప్పగించినప్పుడు, దాన్ని చివరిదాకా చేర్చినందుకు నిమిషానికి ఇంతని ఆ కంపెనీకి చెల్లిస్తుంది. చిన్న ద్వీపదేశాలకు, కొన్ని ఆఫ్రికా దేశాలకు, ఉపగ్రహ ఫోన్లకు ఈ రేటు బాగా ఎక్కువ. అలాంటి రేటు ఉన్న నంబర్లను కట్టలు కట్టలుగా తీసుకుని పెట్టుకునే ముఠాలు ఉన్నాయి. ఆ నంబర్లకు ప్రపంచంలో ఎవరు కొట్టినా, మాట్లాడిన ప్రతి నిమిషం మీద వాళ్ళకు వాటా ముడుతుంది. ఒక్కోసారి కాల్ ఆ దేశం దాకా పోనే పోదు, దారిలోనే మళ్ళిస్తారు. కాబట్టి మాల్దీవుల నంబరు వచ్చిందని దొంగ మాల్దీవుల్లో ఉన్నాడనుకోకూడదు. ఆ దేశానికి పాపం ఈ సంగతి తెలియకపోవచ్చు కూడా.

ఇక జనాన్ని తిరిగి కొట్టేలా చేయడం మిగిలింది. దానికి కంప్యూటర్ చాలు. వేల నంబర్లకు వరసగా కొడుతూ, ఒక్కసారి మోగగానే తెంచేస్తుంది. ఎత్తని ఫోన్‌కు కొట్టినవాడికి రూపాయి ఖర్చు లేదు. వేయి మందిలో పది మంది తిరిగి కొట్టినా వాడి పంట పండినట్టే.

ఇది మన దేశంలో పుట్టిన విద్య కాదు. జపాన్‌లో 2000ల తొలి ఏళ్ళలో ఇది ఎంతగా పెరిగిందంటే, ప్రపంచమంతా ఇప్పటికీ వాళ్ళు పెట్టిన 'వాన్‌గిరి' పేరుతోనే దీన్ని పిలుస్తోంది. అంతకు ముందే 1990లలో అమెరికాలో 809 అంకెలతో మొదలయ్యే నంబరును పేజర్లకూ ఆన్సరింగ్ మెషీన్లకూ వదిలి, మీ వాళ్ళకు ప్రమాదం జరిగింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అనేవారు. 809 డొమినికన్ రిపబ్లిక్‌ది. అమెరికా, కెనడాలతో పాటు చాలా కరీబియన్ దేశాలు కూడా ప్లస్ ఒకటి కిందే ఉండటంతో, అక్కడి వాళ్ళకు అది పక్క రాష్ట్రం నంబరులా కనబడుతుంది. ఇప్పుడు డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన పిల్లలు కూడా 473 అంటే గ్రెనడా అని, 649 అంటే టర్క్స్ అండ్ కైకోస్ అని, 876 అంటే జమైకా అని గుర్తుపెట్టుకోవడం మంచిది. 2019 మేలో అమెరికా టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అయితే, అర్ధరాత్రి వరసపెట్టి ఒక్క రింగు ఇచ్చి తెంచేస్తున్న వాళ్ళ గురించి ప్రజలను హెచ్చరించింది. ఆ నంబర్లలో 222 అంకెలది మారిటేనియా. అర్ధరాత్రి ఎందుకంటే, ఆ వేళ వచ్చిన ఫోన్‌ను ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

మా ఊళ్ళో ఒక్కొక్కరికి పోయింది యాభై, ఎనభై, వంద. ఇంకా పెద్ద మొత్తాలు పోనందుకు కారణం ఒక్కటే, ఫోన్‌లో అంతకంటే ఉండకపోవడం. ఎనభై రూపాయల కోసం ఎవరు ఠాణా మెట్లు ఎక్కుతారు? ఆటో నడిపే మనిషి ఫిర్యాదు రాయడానికి ఒక పూట పోతే, పోయినదానికన్నా ఎక్కువే పోతుంది. దొంగకు ఆ లెక్క బాగా తెలుసు. ఒక్కడి దగ్గర లక్ష దోస్తే కేసు అవుతుంది, లక్ష మంది దగ్గర తలా ఒక యాభై దోస్తే దుకాణం పిల్లవాడి అంగీ చిరుగుతుంది. ఇప్పుడైతే సైబర్ మోసాల మీద ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది, అనుమానపు ఫోన్లను చెప్పుకోవడానికి ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైటులో 'చక్షు' ఉంది. విదేశాలకు ఫోన్ అక్కర్లేని వాళ్ళు కంపెనీకి చెప్పి ఐఎస్‌డీ తీసేయించుకోవచ్చు. నేను చెబుతున్నది 2018 నాటి మాట. అప్పుడు ఇందులో మా ఊరికి అందుబాటులో ఉన్నది ఆ చివరిదే, అదీ ఎవరికీ తెలియదు. తెలిసినా గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇంట్లో ఐఎస్‌డీ ఎవరు తీయించుకుంటారు?

మిస్డ్ కాల్‌ను నమ్మినందుకు ఆ ఊరివాళ్ళను తెలివితక్కువ వాళ్ళని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మన దేశంలో 2003 మే 1 నుంచి వచ్చే ఫోన్లకు పైసలు లేకుండా పోయాయి. అప్పటి నుంచి పేదవాళ్ళు మిస్డ్ కాల్‌ను ఒక భాషగా చేసుకున్నారు. పాలు పోసే అతను వాకిట్లోకి వచ్చి ఒక్క రింగు ఇస్తాడు. కూలీల మేస్త్రి ట్రాక్టరు దగ్గర నిలబడి ఒక్క రింగు ఇస్తాడు. గల్ఫ్ ఇళ్ళలో అయితే ఇది ఇంకా ముదిరి, పద్ధతి ఏర్పడింది. ఒక్క రింగు ఇచ్చి తెంచితే మంచిగున్నానని. రెండు రింగులైతే పైసలు పంపానని. మూడు దాటి మోగుతూనే ఉంటే మాట్లాడాలి, ఎత్తమని. పైసా ఖర్చు లేకుండా అరేబియా ఎడారి నుంచి తెలంగాణ వాకిట్లోకి క్షేమసమాచారం వచ్చేది. స్మార్ట్‌ఫోన్లు ఉన్న ఇళ్ళు ఐఎంఓలో ముఖాలు చూసుకుంటున్నా, బటన్ల ఫోన్ ఉన్న ఇళ్ళలో అప్పటికి ఈ రింగులే దిక్కు. ఆ 2018 సంక్రాంతి పొద్దున ముగ్గు వేస్తుండగా ఒక్క రింగు వచ్చిందని, పండుగ పూట కొడుకు మరవలేదని, బీడీల పెద్దవ్వ వాకిలి వాకిలికీ తిరిగి చెప్పిన సంగతి నాకు గుర్తుంది. మా ఇంటికి వచ్చి చేతిలో ఇన్ని సకినాలు కూడా పెట్టి పోయింది.

ఆ పండుగ తర్వాత నెల తిరిగేలోపు ఊళ్ళో సగం ఇళ్ళకు ప్లస్సు నంబర్ల రింగులు మొదలయ్యాయి. ఒకటి 960 అయితే ఇంకొకటి 216, అది ట్యునీషియా. 375 అంటే బెలారస్, 371 అంటే లాత్వియా. బడిలో పటం గోడకు తగిలించి తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ దేశాలు చూపించాను. ఇంటికి పోయి అమ్మానాయినలకు చెప్పమన్నాను. పిల్లలు చెప్పారు. అయినా రాత్రి పదకొండింటికి ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోతే, గల్ఫ్‌లో కొడుకు ఉన్న తల్లి పటం గుర్తు తెచ్చుకుంటుందా?

మార్చి దాటే వేళకు ఫిర్యాదులు మండలం దాకా పోయాయి. సర్పంచి గారు గట్టిగా పట్టుబడితే, ఎస్సై గారు వచ్చి బడి ఆవరణలో ఒక సభ పెడతామన్నారు. మోసపోయిన వాళ్ళతో పాటు మోసపోని వాళ్ళను కూడా పిలిచి మాట్లాడిస్తే జనానికి బాగా ఎక్కుతుందని ఆయన ఆలోచన. మంచి ఆలోచనే. ఊళ్ళో ఎవరున్నారని అడిగితే దుకాణం పిల్లవాడు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"బీడీల పెద్దవ్వ సార్. ఆమెకు యాభై రూపాయలు వేస్తే రెండు నెలలొస్తయి. మెట్‌పల్లిల ఉన్న బిడ్డెకు వారానికోసారి చేస్తది, అంతే. ఊరందరి పైసలు వోయినయి గని ఆమె ఫోన్లకెల్లి ఒక్క రూపాయి గూడ వోలేదు. ఆమెకు గూడ ఆ నంబర్లు వస్తనే ఉన్నయి, నేనే చూసిన. ఒక్కసారి గూడ తిరిగి కొట్టలే."

ఆమె సంగతి కొంత చెప్పాలి. అరవై దాటిన మనిషి. భర్త ఎప్పుడో పోయాడు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చేస్తుంది. అక్షరం రాదు. కొడుకును ఏజెంటుకు అప్పు చేసి కట్టి సౌదీ పంపింది. క్లీనింగ్ కంపెనీ అన్నారు. జీతం అన్నంత ఇవ్వలేదు, నెలల తరబడి అసలే ఇవ్వలేదు. అప్పు మీద మిత్తి పెరుగుతుంటే అతను కంపెనీ వదిలి బయటపడి, దొరికిన చోట కట్టుబడి పనులు చేసుకోవడం మొదలుపెట్టాడు. అలాంటి వాళ్ళను అక్కడా ఇక్కడా 'ఖల్లివల్లి' అంటారు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే, ఇఖామా అనే నివాస అనుమతి గడువు తీరిపోయింది, ఏ కాగితమూ చేతిలో లేదు.

2017 మార్చి 29 నుంచి సౌదీ ప్రభుత్వం తొంభై రోజుల క్షమాభిక్ష ప్రకటించింది, తర్వాత పొడిగించింది కూడా. జరిమానా, జైలు లేకుండా వెళ్ళిపోవచ్చు. మా మండలానికి చాలామందే తిరిగి వచ్చారు. పెద్దవ్వ కొడుకు రాలేదు. అప్పు తీరకుండా ఏ ముఖం పెట్టుకుని రావాలన్నాడట. గడువు ముగిశాక తనిఖీలు ఎక్కువయ్యాయి. అక్కడ 2016 నుంచి వేలిముద్ర వేస్తే గాని సిమ్ ఇవ్వరు, ఇఖామా లేనివాడికి సొంత నంబరు ఉండదు. పక్క మంచం అతనిదో, పనిలో కలిసిన పాకిస్తానీదో ఫోన్ అడిగి తీసుకోవాలి. మాట్లాడతానంటే ఎవరిస్తారు? ఒక్క రింగు ఇస్తానంటే ఎవరూ కాదనరు. చివరిసారి మాట్లాడినప్పుడు తల్లితో అన్నాడట: "చెకింగులు బాగ అయితున్నయే అవ్వా. దూరం సైటుకు వోతున్న. కొన్ని నెలలు మాట్లాడుడు కాకపోవచ్చు, పైసలు గూడ పంపుడు కాదేమో. నువ్వు రంది వడకు."

ఇవన్నీ ఆమె నాకు తర్వాత చెప్పింది. సభ నాటికి మాకు తెలిసింది ఆమె రూపాయి జారనివ్వని మనిషి అని మాత్రమే.

సభకు చాలామంది వచ్చారు. వేపచెట్టు కింద బెంచీలు వేశాం. ఆటో అతను ముందు మాట్లాడి, తను పట్టుకున్న అంగీకి అందరి ముందూ దుకాణం పిల్లవాడికి క్షమాపణ చెప్పుకున్నాడు. చప్పట్లు పడ్డాయి. ఎస్సై గారు తిరిగి కొట్టవద్దని, కొట్టినా వెంటనే పెట్టేయమని, తెలియని ప్లస్సు నంబరును ముందు పిల్లలకు చూపించమని ఓపిగ్గా చెప్పారు. ఆ తర్వాత పెద్దవ్వను పిలిచారు. ఆమె సిగ్గుపడుతూ వచ్చి నిలబడింది. సర్పంచి గారు శాలువా కప్పారు. ఊరంతటికీ తెలివి నేర్పిన తల్లి అని హెడ్మాస్టరు గారు అన్నారు. మళ్ళీ చప్పట్లు పడ్డాయి.

ఎస్సై గారు మైకు ఆమె దగ్గరగా పట్టుకున్నారు.

"అవ్వా, గీ ప్లస్ నంబర్లు నీకు గూడ వచ్చినయా?"

"ఎందుకు రాలే సారూ. మస్తుసార్లు వచ్చినయి. మొన్న రాత్రి గూడ వచ్చింది."

"మరి ఒక్కసారన్న తిరిగి కొట్టలేదట గద. అది మోసమని నీకెట్ల తెలిసింది? అందరికి చెప్పు."

పెద్దవ్వ ఆయన ముఖంలోకి చూసింది. ఆ ప్రశ్న ఆమెకు అర్థం కాలేదు.

"మోసమెందుకైతది సారూ? అది మా పిలగాడు. ఒక్క రింగంటే మంచిగున్న అన్నట్టు. మంచిగున్నోనికి మల్ల కొట్టి పైసలు దండుగ చేసుడెందుకని కొట్టలే. వారానికి రెండు మూడుసార్లు యాదికి చేసుకుంటనే ఉన్నడు."

ఎస్సై గారు మైకు కిందికి దించారు. బెంచీల మీద గల్ఫ్ నుంచి తిరిగి వచ్చిన మగవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ముందుగా అర్థమైంది. ఒకాయన లేచి వచ్చి, "అవ్వా, ఏది ఫోన్ ఇటియ్యి" అని తీసుకున్నాడు. నేనూ చూశాను. ఆ చిన్న ఫోన్‌లో మిగిలి ఉన్న మిస్డ్ కాల్స్ అన్నీ వరసగా కిందికి జరిపాం. 960. 375. 960. 216. 371. మళ్ళీ 960. ఒక్క 966 కూడా లేదు.

ఆమెకు అక్కడ ఏమీ చెప్పలేదు. శాలువాతోనే ఇంటికి పంపించాం.

ఎస్సై గారిని ఈ విషయంలో మెచ్చుకోవాలి. ఎనభై రూపాయల కేసును పట్టించుకోని వ్యవస్థలో ఆయన ఈ రూపాయి పోని కేసును పట్టుకుని తిరిగారు. కంపెనీకి రాసి పెద్దవ్వ నంబరుకు వచ్చిన కాల్స్ జాబితా మొత్తం తెప్పించారు. గల్ఫ్ నుంచి వచ్చినాయన రియాద్‌లో మనవాళ్ళ కోసం తిరిగే తెలుగు, మలయాళీ సేవకులకు ఫోటో పంపాడు. పేరు చెబితే ఎవరికీ తెలియలేదు, ఖల్లివల్లి మనిషి అక్కడ సొంత పేరుతో బతకడు. ఫోటో చూసి ఒక కట్టుబడి సైటులో పనిచేసిన వాళ్ళు గుర్తుపట్టారు. నిద్రలోనే పోయాడని, తమకూ కాగితాలు లేక, పోలీసులకు భయపడి, ఆస్పత్రి వాకిట్లో దించి వచ్చేశామని చెప్పారు. ఇంటికి చెబుదామంటే నంబరు ఎవరి దగ్గరా లేదట. ప్రభుత్వ ఆస్పత్రి మార్చురీలో ఎవరూ అడగని శవంగా ఉన్నాడు. దేశంలోకి వచ్చిన రోజు విమానాశ్రయంలో ఇచ్చిన వేలిముద్రలతో పోల్చి ఖరారు చేశారు. ఎంబసీ కాగితాలు, తల్లి అంగీకార పత్రం మీద బొటనవేలి ముద్ర, అవన్నీ అయ్యేసరికి ఎండాకాలం సెలవులు వచ్చాయి. పెట్టె శంషాబాద్‌లో దిగిన రాత్రి మేం నలుగురం వెళ్ళి తీసుకొచ్చాం.

కంపెనీ పంపిన జాబితాలో సౌదీ నంబరు నుంచి ఆమెకు వచ్చిన ఆఖరి రింగు జనవరి మొదటి వారంలో ఉంది. ఆ తర్వాత ఏప్రిల్ దాకా వచ్చిన ఒక్క రింగులన్నీ దొంగలవే. సంక్రాంతి పొద్దున ముగ్గు వేస్తుండగా వచ్చింది మాల్దీవుల నంబరు నుంచి.

పెట్టెతో పాటు వచ్చిన ఆస్పత్రి కాగితంలో అతను చనిపోయిన తేదీ, సంక్రాంతికి తొమ్మిది రోజుల ముందటి శుక్రవారం.